తల్లికి చెప్పుకోనివ్వని బడి

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఈ సామెత చెప్పేవాళ్లెవరూ మొక్కని అడిగిన పాపాన పోలేదు. సరే, వంచే ఓపిక మనకి లేకపోతే? నెలకింత అని కట్టి, పిల్లని ఒకచోట దింపి, "బాగుపడ్డాక కబురు చెయ్యండి" అని వచ్చేసే పద్ధతి అమెరికాలో పెద్ద వ్యాపారమై కూర్చుంది. దానిమీద కేథరిన్ కుబ్లర్ అనే ఆవిడ తీసిన 'ద ప్రోగ్రామ్' అనే డాక్యుమెంటరీ 2024 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మూడు భాగాలు. ఈడొచ్చిన పిల్లలున్న తల్లులు చూడదగ్గదే. కాకపోతే వంట ముగించుకుని కూర్చోండి, చూశాక ఆ పూట పొయ్యి దగ్గరికి పోబుద్ధి కాదు.

ఈ కుబ్లర్‌ని పదహారేళ్లప్పుడు, 2004లో, చదువుకునే బడి దగ్గర్నుంచే బేడీలు వేసి పట్టుకుపోయారు. వచ్చినవాళ్లు పోలీసులు కారు. కన్నతండ్రి డబ్బు కట్టిన సంస్థ తరపు మనుషులు! పిల్ల చేసిన ఘోరం మందు పుచ్చుకుంటూ దొరికిపోవడం. తీసుకుపోయింది న్యూయార్క్ రాష్ట్రంలోని 'అకాడమీ ఎట్ ఐవీ రిడ్జ్'కి. అక్కడ నవ్వకూడదు, పక్కపిల్లతో మాట్లాడకూడదు, కిటికీలోంచి బయటికి చూడకూడదు. మంచిగా ఉంటే మార్కులు, తప్పితే కోత. ఆ మార్కులతో మెట్టు మెట్టూ ఎక్కాలి. అమ్మానాన్నలతో ఫోన్‌లో మాట్లాడటం కూడా అలా ఎక్కి సంపాదించుకోవలసిందే. అక్కడ ఇచ్చే హైస్కూలు డిప్లొమాలు చెల్లవని 2005లో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ తేల్చి జరిమానా కట్టించారు. అయినా ఆ బడి 2009 దాకా నడిచింది.

పాడుబడ్డ ఆ భవనంలోకి కుబ్లర్ తన తోటి పిల్లలతో (ఇప్పుడు వాళ్లూ పెద్దవాళ్లే) కలిసి వెళ్లి పాత ఫైళ్లు వెతుకుతుంది. ఆ భాగం గుండె పట్టేస్తుంది. తర్వాత డబ్బు ఎవరి చేతికి పోయింది, ఈ సంస్థలన్నిటి వెనక ఎవరున్నారు అని తీగ లాగడం మొదలుపెడుతుంది. అవసరమే, కాదనను. కాని అక్కడే చిత్రం కాస్త దారి మళ్లిందని నాకనిపించింది. దొంగ దొరికాడు గదా అని చూసేవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఎక్కడో అమెరికాలో ఎవరో మోసగాళ్లు, మనకేం అనుకుంటారు. ఈ కథలో మింగుడుపడనిది మోసగాడు కాదండీ. ప్రేమతోనే డబ్బు కట్టిన తండ్రి. ఆయన్ని కెమెరా ముందు కూర్చోబెట్టి కూతురే అడిగే చోట ఉన్న బలం మిగతా పరిశోధనంతటిలో లేదు. అక్కడ ఇంకాసేపు ఆగి ఉండాల్సింది.

ఎందుకంటే అసలు కిటుకు అక్కడుంది. పిల్లని చేర్చుకున్నరోజే తల్లిదండ్రులకి ఒక మాట నూరిపోస్తారు. మీ పిల్ల ఇక్కడ బాధలు పెడుతున్నారని రాస్తుంది, ఏడుస్తుంది, నమ్మకండి, ఇంటికొచ్చేయడానికి ఆడే నాటకం అదంతా అని. ఇక ఆ తర్వాత పిల్ల నిజం రాసినా అది రోగలక్షణమే అవుతుంది! ఎంత గట్టిగా ఏడిస్తే అంత గట్టిగా వైద్యం కావాలన్నమాట.

మన పాత వీధిబళ్లు మాత్రం పూలపాన్పులా అనకండి. కోదండం వేసేవారు, గోడకుర్చీ వేయించేవారు, తొడపాశం పెట్టేవారు. ఒప్పుకుంటాను, అదీ అన్యాయమే. కాని సాయంత్రానికి పిల్లాడు ఇల్లు చేరేవాడు. తలంటేటప్పుడు వీపుమీద వాత తల్లి కంటపడేది. ఆమె పంతులుగారిని నిలదీసేదో లేదో, ఆమెకి తెలిసేది. తల్లికి తెలుస్తుందని పంతులుకీ తెలుసు. బెత్తానికి ఉన్న కళ్లెం అదొక్కటే. రెసిడెన్షియల్ అన్నారంటే ఆ కళ్లెం తీసేసినట్టే.

మనకేం అనుకునేవాళ్లకి ఒకమాట. మన ప్రైవేటు కాలేజీల హాస్టళ్లలో పిల్లల ప్రాణాలు పోతుంటే 2001లో నీరదా రెడ్డి కమిటీ వేశారు, మళ్లీ 2017లో చక్రపాణి కమిటీ వేశారు. వాటిని ఎవరూ సంస్కరణ కేంద్రాలనరు, నిజమే. కాని కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో, మా ఓర్వకల్లు బస్సుల్లో, పదో తరగతి పిల్లల తల్లులు అనే మాట వినండి. "వీడు నా మాట ఇనేతట్టు లేడక్కా, యాడన్నా గట్టి హాస్టల్ ఉంటే చెప్పు." చదువు బాగా చెప్పేది అనడం లేదు, గట్టిది అంటోంది! ఆ 'గట్టి' కోసమే ఐవీ రిడ్జ్‌కీ పంపారు.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. భర్త ఎక్కడో పనిలో ఉంటాడు, కొడుకు ఫోన్ వదలడు, స్నేహితులెవరో తెలియదు. భయం నిజమైనదే. ఆ భయాన్ని కొనుక్కునేవాళ్ల మీదే నా అభ్యంతరం. అన్నట్టు ఇదే ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు రూపాయి రూపాయి కూడబెట్టి సమాఖ్యగా ఎదిగి, బాలభారతి అని సొంతంగా ఒక బడే నడుపుతున్నారు. ఆ బడిలో తల్లి ఫీజు కట్టి గేటు బయట నిలబడే మనిషి కాదు, యజమానుల్లో ఒకతె. లోపల ఏం జరుగుతోందని అడగడానికి ఆమెకి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మద్యం మాన్పిస్తాం, మత్తు మాన్పిస్తాం అనే ప్రైవేటు కేంద్రాల సంగతి ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు అలవాట్లకీ వర్తిస్తుంది. పద్దెనిమిది నిండని పిల్లల్ని చేర్చుకోవాలంటే ఒక్క డాక్టరు మాట చాలదు, ఇద్దరు విడివిడిగా పరీక్ష చేయాలి. పిల్లలున్నన్నాళ్లూ తల్లో తండ్రో, లేకపోతే వాళ్లు పెట్టిన మనిషో పక్కనే ఉండి తీరాలి. ఆడపిల్లైతే ఆడమనిషే ఉండాలి. చట్టం రాసినవాళ్లలో ఎవరో తలంటి పోసిన మనిషి ఉండి ఉంటుంది, లేకపోతే ఈ నిబంధన తట్టదు.

గట్టి హాస్టల్ అడిగిన ఆ తల్లి రేపు ఏ ఆఫీసు గదిలోనో కూర్చుంటుంది. రంగుల కరపత్రం చేతిలో పెడతారు. ఫీజు ఎంత, వాయిదాలున్నాయా అని అడుగుతుంది. అంతకంటే ముందు అడగవలసింది వేరే ఉంది. "నేను చెప్పకుండా ఏ రోజైనా వస్తాను. వార్డెన్ పక్కన లేకుండా నా కొడుకుతో అరగంట మాట్లాడనిస్తారా?" అవతలివాళ్లు "అలా అయితే పిల్లాడు చెడిపోతాడమ్మా" అంటే, ఆ కరపత్రం బల్లమీదే పెట్టేసి నంద్యాల బస్సెక్కడం మేలు.