తాళం వేస్తే సరిపోదు

కాల్చి పాడుచేసిన తుపాకుల కన్నా దాచి పాడుచేసినవే నేను ఎక్కువ చూశాను. మా విశాఖ తీరంలో కొన్ని పాత ఇళ్లలో తాతల నాటి పన్నెండు బోరు తుపాకీ ఇంకా ఉంది. దానితో పనీ లేదు, అమ్మడానికి మనసూ ఒప్పదు. నూనె రాసి, తోలు సంచిలో దూర్చి, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. చేటు చేసేది ఆ సంచే.

గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు జోరుగా పడుతుంది. ఉప్పుగాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. తోలు ఆ తేమను పీల్చి ఇనుముకు అంటించి ఉంచుతుంది. గొట్టం మూతిలో గుడ్డ కుక్కేవాళ్లూ ఉన్నారు. లోపలి తడి బయటికి పోదు సరికదా, ఆ గుడ్డ సంగతి మరిచి కాలిస్తే గొట్టం పగిలిపోవచ్చు.

మా పెదనాన్నది వేరే పద్ధతి. ముందు తుపాకీ తెరిచి లోపల తూటా లేదని చూసుకునేవాడు. గొట్టంలో మసి తీసి, చేతి చెమట మరకలు తుడిచి, తుపాకీ నూనె పలచగా రాసేవాడు. కొబ్బరినూనె వద్దనేవాడు, నిలవుంటే జిగురవుతుందని. నూనె కర్ర పిడిలోకి దిగి దాన్ని మెత్తబరచకుండా మూతి కిందికి ఉండేలా నిలబెట్టేవాడు. ఆయుధపూజకు పెట్టిన తడి పసుపు, కుంకుమ కూడా పూజ కాగానే తుడిచేసేవాడు. దేవుడికి కోపం రాదు గానీ ఇనుముకు వస్తుందని నవ్వేవాడు.

ఏళ్ల తరబడి ముట్టుకోనిదైతే పలచటి నూనె చాలదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం నిల్వ రైఫిళ్లకు కాస్మోలిన్ అనే మైనంలాంటి పెట్రోలియం గ్రీజు దట్టంగా పూసేది. దశాబ్దాల తరువాత కడిగి చూసినా అడుగున ఇనుము చెక్కుచెదరలేదు. ఇంట్లోనైతే గ్రీజు పూత, బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ చాలు. నీలం గుళికలు గులాబీరంగుకు తిరిగితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఎన్నికల కోడ్ వచ్చి తుపాకీని స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తే, ఆ ముందురోజే ఈ పనంతా చేయాలి. అక్కడ ఎన్నాళ్లుంటుందో, ఏ గదిలో ఉంటుందో మన చేతిలో లేదు. వానలకు ముందొకసారి, తరువాతొకసారి బయటికి తీసి చూసే ఓపిక కూడా లేనివాళ్లు లైసెన్సున్న డీలరు దగ్గర దాచుకోవడం మేలు. తాతగారి మీద గౌరవం తుపాకీని అట్టిపెట్టుకోవడంలోనే లేదు, దాన్ని బాగా ఉంచడంలో ఉంది.