భయానకమున స్వరభేదము

భయమునకు వలయు సామగ్రి వేఱు, భయము వేఱు. శూన్యగృహమును, వికృతధ్వనిని, పిశాచదర్శనమును నాట్యశాస్త్రము భయానకవిభావములలో లెక్కించినది. చలనచిత్రములు వానిని కొల్లలుగా వాడుకొన్నవి. అయినను మనోవికారమును ఆశ్రయించిన చిత్రములలో ప్రేక్షకుని నిజముగా గడ్డకట్టించు ఘట్టములకు ఈ సామగ్రితో పని తక్కువ. ఇందులకు "ఆప్తమిత్ర" యను కన్నడచిత్రము మంచి నిదర్శనము.

పి. వాసు దర్శకత్వమున 2004 లో వెలువడిన యీ చిత్రమునకు మూలము, ఫాజిల్ దర్శకత్వమున 1993 లో వచ్చిన మలయాళచిత్రము "మణిచిత్రతాళ్". అందు గంగ పాత్రకు శోభన జాతీయపురస్కారము నందినది. కన్నడమున ఆ పాత్రను సౌందర్య ధరించినది. పూర్వము హతురాలైన నర్తకి నాగవల్లి తానే యని గంగ మనస్సులో నొకభాగము నమ్ముట కథాబీజము.

ప్రధానఘట్టము మిక్కిలి చిన్నది. భార్య బయటకు పోవలెనని సిద్ధమగును, భర్త వలదనును. ఇది ఇంటింట జరుగు మాటయే. ఆమె మొదట బతిమాలును. పిదప గొంతు బిగియును. అటుపై పలుకే మాఱి, ఒంటిచేత మంచము నెత్తును. భర్త పేరుపెట్టి పిలువగా తెలివి వచ్చి, ఏమి జరిగినదని అతనినే అడుగును. మంచము నెత్తుట కంటికి గొప్పగా దోచును గాని, భయము అంతకు ముందే పుట్టినది.

స్వరభేదమును భరతుడు సాత్త్వికభావములలో చేర్చెను. భయానకమున అది భయపడినవానియందు కనబడు వికారము. ఇచటనో అది భయపెట్టు వ్యక్తియందే కలుగుచున్నది. అనుభావముగా నుండవలసినది విభావమైనది. హిచ్‌కాక్ "సైకో" (1960) చివర నార్మన్ పెదవి కదపక కూర్చుండగా తల్లి గొంతు వినబడుటయు ఈ తెగలోనిదే.

ఈ కథను గ్రహించిన వారందఱును స్వరముతోపాటు భాషనుగూడ మార్చిరి. మూలమున నాగవల్లి పలుకు తమిళము, కన్నడమున తెలుగు. తమిళ "చంద్రముఖి" (2005) యందును నర్తకికి తెలుగే; దాని తెలుగు అనువాదమున నర్తకి పాట తమిళము. హిందీ "భూల్ భులయ్యా" (2007) లో వంగభాష.

తెలియని భాష యగుటచేతనే భయము గలుగుచున్నదని కొందఱనవచ్చును. ఈ వాదమును పరీక్షించుటకు పశ్చిమ కర్నూలు సీమ తగిన తావు. ఆదవాని, ఎమ్మిగనూరు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి మండలములోనివి. నేటికిని అచట తెలుగు కన్నడములు ఒక్క వీథిలో, ఒక్కొక్కయెడ ఒక్క యింటనే వినబడును. ఎమ్మిగనూరి మగ్గముకడ నొకభాష, ఆదవాని ప్రత్తిబేరమున నొకభాష ఆడువానికి "ఆప్తమిత్ర"లోని రెండుభాషలును సొంతములే. అపరిచితత్వమే భయహేతువైనచో అట్టివానికి భయము కలుగరాదు. కాని అతడే యెక్కువ ఉలికిపడవలసినవాడు. ఏలయన రెండుభాషల యింట మాట మాఱుటకు నియమము కలదు: అవ్వతో నొకటి, అంగడివానితో నొకటి. సామాన్యముగా వినువారినిబట్టి పలుకు మాఱును. ఈ ఘట్టమున వినువాడు మాఱలేదు. ఎదుట నున్నది ఆ భర్తయే. అయినను పలుకు మాఱినది. కావున మాఱినది పలుకువ్యక్తియే యని చెవి, కన్నుకంటె ముందుగా గ్రహించును.

ఇందొక ఆక్షేపణము మిగిలినది. పొరుగుభాషను ఉన్మాదమునకు గుఱుతు చేయుట న్యాయమా? ప్రతిభాషవారును అట్లే చేసినచో, సరిహద్దువాని యింటిమాటయే దయ్యపుమాట యగును. కథ మంచముకడనే ముగిసియుండినచో ఈ దోషము తీఱనిది. కాని నాగవల్లి కేవలము దుష్టురాలు కాదు. పరసీమకు కొనిరాబడి, ప్రియుని గోల్పోయి, రాజుచేత చంపబడినది. ఆమె తెలుగు పగపట్టిన పలుకు మాత్రమే కాదు. వినువారు లేని యూర దుఃఖము చెప్పుకొన్న పలుకు. ఈ సంగతి తెలిసినపిదప భయానకము కరుణమునకు దారి యిచ్చును.

భర్త స్థితియు నిట్టిదే. జరిగినది అతనికి తెలియును, ఆమెకు తెలియదు. రాత్రికి ఇద్దఱును ఆ యింటనే యుండవలయును. కావున ఇట్టి చిత్రములను పరీక్షించువారు దీపములను, వాద్యములను లెక్కించుటకు ముందు, ఎవరు ఎవరితో ఏ గొంతున, ఏ భాషలో మాటలాడిరో కనిపెట్టుట మేలు.