సక్కర్ చేపకు తొలి మేత

దక్షిణ అమెరికా నదుల నుంచి వచ్చిన బ్రిసిల్‌నోస్ సక్కర్ చేపల్లో చిన్నది. దాన్ని కొత్త తొట్టెకు అలవాటు చేయడంలో పెంపకందారు పనితనం తెలుస్తుంది. చేపను తెచ్చిన సంచిని పావుగంట నీటిపై తేలనిచ్చి, తొట్టె నీటిని కొద్దికొద్దిగా అందులో కలుపుతారు. సంచి నీటిని మాత్రం తొట్టెలో పోయరు. వలతో పడితే చెంపల ముళ్లు చిక్కుకుంటాయి. నేర్పున్నవారు డబ్బాతో ఎత్తి వదిలి, లైటు ఆర్పేస్తారు.

ఇది రాత్రి తిరిగే జీవి. చెక్కమొద్దు చాటున దాక్కుని కొన్ని రోజులు కనిపించకపోవచ్చు. మొద్దు కదిపి చూడాలనే ఆత్రాన్ని అణచుకోవడమే ఈ విద్యలో సగం. చీకటి పడ్డాక మునిగే బిళ్ల మేతో, కాస్త ఉడికించి బరువు కట్టిన కీరదోస ముక్కో అడుగున పెడతారు. మిగిలింది పొద్దున్నే తీసేయాలి. కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది. గోడల మీది నాచుతోనే బతికేస్తుందన్న మాట నమ్మదగింది కాదు: కొత్త తొట్టెలో నాచు ఎక్కడిది?

తిన్నదీ లేనిదీ పొట్టే చెబుతుంది. చేప అద్దానికి అతుక్కున్నప్పుడు అది కాస్త ఉబ్బుగా ఉంటే సరే. లోపలికి పీక్కుపోతే మేత అందడం లేదని అర్థం. తోటి చేపలు ముందే తినేస్తుంటే, వాటికి వేరే మూల మేత వేసి మళ్లిస్తారు. కీర ముక్కపై గీరిన గుర్తులు, అడుగున దారాల్లాంటి రెట్ట కనిపించాయంటే చేప కుదురుకున్నట్టే.