‘టోక్యో ఘూల్’ పాత్రల కాస్‌ప్లే: ఆహార్యం, భయానకం, కరుణ

వ్యాససంగ్రహం:
కథల్లోని పాత్రల వేషాన్ని అభిమానులు తయారుచేసుకొని ధరించడాన్ని కాస్‌ప్లే అంటారు. పోలిక, పనితనం అనే రెండు కొలమానాలతో దీనిని అంచనా వేయడం పరిపాటి. భయానక కథల పాత్రల విషయంలో ఈ కొలమానాలు చాలవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘టోక్యో ఘూల్’ నాయకుడు కానెకి కెన్ వేషాన్ని ఆధారంగా తీసుకొని, ఆహార్యం ఎక్కడ రసానికి తోడ్పడుతుందో, ఎక్కడ అడ్డుపడుతుందో నాట్యశాస్త్ర పరిభాషతో పరిశీలిస్తుంది. చూసేవారిని భయపెట్టడంతో ఆగిపోని వేషమే, ఆ పాత్రకు ఏమవుతుందోనన్న భయాన్ని కూడా కలిగించే వేషమే, ఉత్తమమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాస్‌ప్లే, అనిమే, టోక్యో ఘూల్, ఆహార్యాభినయం, భయానకం, కరుణ, ముసుగు.

1. ఉపోద్ఘాతం:
1939లో న్యూయార్కులో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ జె. అకర్‌మన్, మిర్టిల్ ఆర్. డగ్లస్ భవిష్యత్కాలపు దుస్తులు ధరించి వెళ్ళారు. వాటిని రూపొందించినది డగ్లస్. జపానులో 1975 డిసెంబరులో మొదలైన కామిక్ మార్కెట్ వంటి అభిమానుల కూడళ్ళలో ఈ అలవాటు వేళ్ళూనుకొంది. ‘కాస్ట్యూమ్’, ‘ప్లే’ అనే మాటలను కుదించి నొబుయుకి తకహాషి 1983లో ‘మై అనిమే’ పత్రికలో వాడిన పేరే ఇప్పుడు ప్రపంచమంతటా నిలిచింది. 2003 నుండి నగోయా నగరం కేంద్రంగా ప్రపంచ కాస్‌ప్లే సమ్మేళనం జరుగుతోంది. హైదరాబాదులో జరిగే కామిక్ కాన్‌లోనూ అనిమే పాత్రల వేషాలు కనిపిస్తాయి.

ఈ వేషాలను మెచ్చుకొనేటప్పుడు సాధారణంగా వినిపించే మాట ‘అచ్చం బొమ్మలాగే ఉంది’ అని. వినోదప్రధానమైన పాత్రకు ఆ మెప్పు చాలవచ్చు. భయానక కథలోని పాత్రకు అది చాలదు. పోలిక పూర్తిగా కుదిరినా భయం పుట్టకపోవచ్చు. భయం పుట్టినా అది కథలోని భయం కాకపోవచ్చు. ఈ తేడాను గుర్తించడానికి భరతుడు చెప్పిన ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాభినయాల విభజన ఉపకరిస్తుంది. జపాను కళపై నాట్యశాస్త్ర ప్రభావం ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. వేషం ఏ పని చేస్తుందో విడదీసి చూపగల పరిభాష అందులో ఉన్నందువల్లనే దానిని ఇక్కడ స్వీకరించడమైనది.

2. కథలోని భయం:
సుయి ఇషిదా ‘టోక్యో ఘూల్’ మంగా 2011లో ‘వీక్లీ యంగ్ జంప్’ పత్రికలో మొదలైంది. స్టూడియో పియెరో నిర్మించగా షుహెయ్ మొరిత దర్శకత్వం వహించిన అనిమే 2014 జూలైలో ప్రసారమైంది. ఇందులోని ఘూల్‌లు మనుషుల రూపంలోనే తిరుగుతూ మనుషుల మాంసంతో బతికే జీవులు. సాహిత్య విద్యార్థి కానెకి ఒక ఘూల్ దాడికి గురవుతాడు. ప్రాణం నిలపడానికి వైద్యులు ఆ ఘూల్ అవయవాలనే అతనికి అమరుస్తారు. ఆ తరువాత అతడు సగం మనిషి, సగం ఘూల్. మనుషుల అన్నం అతని నోటికి సయించదు. కాఫీ ఒక్కటే రెండు లోకాలకూ ఉమ్మడిగా మిగులుతుంది.

కథలోని మొదటి భయం ఎదుటివాడు తనను తింటాడేమోనన్నది. దానికన్నా లోతైనది, తానే ఎదుటివాణ్ణి తింటానేమోనన్నది. మొదటిది బయటి నుండి వచ్చే భయం, రెండవది లోపలి నుండి వచ్చేది. బీభత్సం నుండి భయానకం పుడుతుందన్న భరతుని సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: తన ఆకలి పట్ల కానెకికి కలిగిన జుగుప్సే అతని భయానికి మూలం. కాబట్టి కానెకి వేషం వేసేవారు భయపెట్టేవాణ్ణీ భయపడేవాణ్ణీ ఒకే దేహంలో చూపవలసి ఉంటుంది.

3. రెండు కళ్ళు, రెండు మరుగులు:
ఘూల్‌లకు ఆకలి వేసినప్పుడో ఉద్రేకం కలిగినప్పుడో కంటి తెల్లభాగం నల్లబడి, నల్లగుడ్డు ఎర్రబడుతుంది. కానెకికి ఈ మార్పు ఎడమ కంటికే వస్తుంది. మనుషుల మధ్య ఉన్నప్పుడు అతడు వైద్యులు వాడే తెల్లని కంటిపట్టీతో ఆ కంటిని దాచుకొంటాడు. ఉత అనే కళాకారుడు అతనికి తయారుచేసి ఇచ్చిన ముసుగులో మాత్రం ఏర్పాటు తారుమారవుతుంది. ఆ నల్లతోలు ముసుగు కుడి కంటిని, అంటే మనిషి కంటిని మూసి, ఎర్రని కంటిని బయట పెడుతుంది. నోటి చోట పళ్ళు ఇకిలించిన ఆకారం, దానికొక జిప్పు ఉంటాయి. పట్టీ రాక్షసత్వాన్ని దాస్తే, ముసుగు మనిషితనాన్ని దాస్తుంది. ఈ పాత్ర సారమంతా ఈ తారుమారులో ఉంది.

వేషధారి ఏ కంటిని మూస్తాడన్నది ఇందువల్ల అలంకరణకు సంబంధించిన చిన్న వివరం కాదు, అర్థానికి సంబంధించిన నిర్ణయం. తెల్లపట్టీని కుడి కంటికి కట్టుకొన్న వేషం ఎంత శ్రద్ధగా కుట్టినదైనా కథను తలకిందులు చేస్తుంది. అద్దంలో చూసుకొంటూ వేషం వేసుకొనేవారికీ, కుడి ఎడమలు తారుమారైన ఛాయాచిత్రాన్ని ఆధారం చేసుకొన్నవారికీ ఈ పొరపాటు తేలికగా జరుగుతుంది.

తెలుగువారి పగటివేషాల్లోని అర్ధనారీశ్వర వేషంతో దీనిని పోల్చి చూడవచ్చు. ఒకే కళాకారుడు దేహంలో ఒక సగాన్ని శివునిగా, మరొక సగాన్ని పార్వతిగా అలంకరించుకొని, అడ్డుగా పట్టిన వస్త్రంతో ఒక సగాన్ని మరుగుపరుస్తూ రెండవ సగాన్ని చూపుతాడు. అక్కడ వస్త్రం చేసే పనిని ఇక్కడ పట్టీ, ముసుగు చేస్తాయి. భేదం ఫలితంలో ఉంది. అర్ధనారీశ్వరంలో రెండు సగాలు సామరస్యానికి సంకేతాలు. కానెకిలో ఒక సగం మరొక సగాన్ని కబళించజూస్తుంది.

ఎర్రని కంటి కోసం వేషధారులు తెల్లభాగాన్ని సైతం కప్పే పెద్ద లెన్సులు వాడుతారు. మనిషి చూపు ఎటు తిరిగిందో ఎదుటివారు పోల్చుకొనేది తెలుపు, నలుపుల తేడాతోనే. నల్లని లెన్సు ఆ తేడాను చెరిపివేస్తుంది. చూపు తమ మీద ఉందో లేదో తెలియకపోవడమే ప్రేక్షకునిలో జంకు పుట్టిస్తుంది. అయితే రసదృష్టులను అంత సూక్ష్మంగా వర్గీకరించిన సంప్రదాయం వైపు నుండి చూస్తే ఇది లాభమూ నష్టమూ కూడా. ముసుగు ధరించగానే నోరూ, మనిషి కన్నూ మరుగవుతాయి. మిగిలిన ఒక్క కన్నూ మూగబోతుంది. అప్పుడు భావం పలకవలసినవి మెడ, భుజాలు, చేతివేళ్ళు. దీనిని గ్రహించని వేషధారి ముసుగు వెనుక బొమ్మగా మిగిలిపోతాడు. ఇంకొక సంగతీ ఉంది. వైద్యుని పర్యవేక్షణ లేకుండా కొని పెట్టుకొన్న లెన్సులు కార్నియాను గాయపరచగలవు, చూపునే పోగొట్టగలవు. కల్పిత భయం కోసం నిజమైన కంటిని పణంగా పెట్టడాన్ని అంకితభావమని మెచ్చుకోవడం విమర్శ పని కాదు.

4. పుస్తం, బరువు:
భరతుడు ఆహార్యాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు విధాలుగా విభజించాడు. తయారుచేసిన ఆకృతులు పుస్తం కిందికి వస్తాయి. అందులో అతికి చేసేది సంధిమం, యంత్రసాయంతో చేసేది వ్యాజిమం, చుట్టి చేసేది వేష్టిమం. కానెకి వీపు దిగువ నుండి వెలువడే ఎర్రని ‘కగునె’ బాహువుల తయారీ ఈ మూడింటినీ గుర్తుకు తెస్తుంది. ఈవీఏ ఫోమ్ పలకలను కత్తిరించి, వేడితో వంచి అతుకుతారు. తీగ చట్రం చుట్టూ వస్త్రాన్నో ఫోమునో చుట్టుతారు. కొందరు లోపల ఎల్ఈడీ దీపాలు అమరుస్తారు.

అనిమేలో కగునెకు బరువు లేదు. అది గీత, రంగు, కదలిక మాత్రమే. 2017లో వచ్చిన చలనచిత్రం సైతం దానిని కంప్యూటర్ చిత్రణతో సాధించింది. కాస్‌ప్లేలో మాత్రం అది వేషధారి వీపు మీద మోయవలసిన వస్తువు. బరువైన ఆభరణాలు నటుణ్ణి అలసటకు గురిచేస్తాయని, తేలికైన పదార్థాలతో వాటిని తయారుచేయాలని నాట్యశాస్త్రం చేసిన హెచ్చరిక ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. బాహువుల బరువుకు ముందుకు వంగిపోయి, తలుపు దాటడానికి ఇద్దరి సాయం తీసుకొనే వేషధారిలో ప్రేక్షకుడు వేటాడే జీవిని చూడలేడు. తేలికైన చిన్న బాహువులతో చురుకుగా పక్కకు తిరగగలిగినవారే కగునెకు ప్రాణం పోస్తారు. పరిమాణం మెప్పును తెస్తుంది. భయాన్ని తెచ్చేది కదలిక.

5. ఆంగికంలో కథ:
అనిమే మొదటి భాగం చివర యమోరి అనే ఘూల్ కానెకిని చిత్రహింసలకు గురిచేస్తాడు. స్పృహ తప్పకుండా ఉండేందుకు వెయ్యి నుండి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టిస్తాడు. ఆ గది నుండి బయటపడిన కానెకి జుట్టు తెల్లబడి ఉంటుంది. చూపుడు వేలిని బొటనవేలితో నొక్కి మెటిక విరిచే అలవాటు కూడా అతనికి అప్పుడే వస్తుంది. ఆ అలవాటు నిజానికి యమోరిది. హింసించినవాని ముద్ర హింసకు గురైనవాని చేతిలో మిగిలిపోయిందన్నమాట.

తెల్లజుట్టు కానెకి వేషాల్లో ఈ భంగిమ తరచుగా కనిపిస్తుంది. అయితే దానిని పొగరుగా, సవాలుగా మాత్రమే ప్రదర్శించడం ఎక్కువ. అలా ప్రదర్శించినప్పుడు మెటిక శబ్దం మిగులుతుంది కాని, అది ఎక్కడి నుండి వచ్చిందో మరుగునపడుతుంది. సాత్త్విక భావాల్లో వైవర్ణ్యం ఒకటి: ఉద్వేగం వల్ల దేహవర్ణం మారడం. కానెకి తెల్లజుట్టు తాత్కాలికం కాని వైవర్ణ్యం, బాధ దేహంపై వదిలి వెళ్ళిన రంగు. తెల్లని విగ్గును అందంగా దువ్వి పెట్టుకోవడంతో ఆ భావం రాదు. విగ్గు ఆహార్యం, వైవర్ణ్యం సాత్త్వికం. మొదటిది కొనవచ్చు, రెండవది అభినయించవలసిందే.

దీనికి ఎదురుగా నిలిచేది మరొక చిన్న చేష్ట. మంగాలో కానెకి ఏదైనా దాచిపెట్టి మాట్లాడేటప్పుడు చేతితో గడ్డాన్ని తాకుతాడు. ఇందులో భయపెట్టేది ఏమీ లేదు. అన్‌తెయికు కాఫీ దుకాణంలో పనివాని దుస్తుల్లో, కంటికి తెల్లపట్టీతో, గడ్డం మీద చేయి పెట్టుకొని నవ్వుతూ నిలుచున్న కానెకి వేషానికి ముసుగూ కగునె అక్కరలేదు. కథ తెలిసిన ప్రేక్షకునికి ఆ నవ్వు అబద్ధమని తెలుసు. పట్టీ వెనుక ఏముందో తెలుసు. ఆ కుర్రవానికి ఏమి జరగబోతుందో కూడా తెలుసు. అక్కడ పుట్టే భయం అతణ్ణి చూసి కాదు, అతని కోసం. భయానకం కరుణను తాకేది అక్కడే.

కాస్‌ప్లే ఎక్కువగా ఛాయాచిత్రంగా నిలిచిపోయే కళ అన్నది నిజమే. అందులో వాచికం ఉండదు, కథాగమనం ఉండదు, కథ తెలియని ప్రేక్షకునికి పనివాని వేషంలో విశేషమూ కనబడదు. ఈ ఆక్షేపణకు సమాధానం ఆ కళ స్వభావంలోనే ఉంది. కాస్‌ప్లే కథను కొత్తగా చెప్పదు, తెలిసిన కథను గుర్తుచేస్తుంది. గుర్తుచేయడానికి పెద్ద ఆకృతి కన్నా సరైన చేష్ట ఎక్కువ పనిచేస్తుంది.

6. ముగింపు:
- కానెకి వేషంలో పట్టీ రాక్షసత్వాన్ని, ముసుగు మనిషితనాన్ని దాస్తాయి. ఏ కన్ను మూయాలన్నది ఈ వేషానికి అర్థనిర్ణయం.
- నల్లని లెన్సు, ముసుగు భయాన్ని పెంచుతూనే ముఖాభినయాన్ని హరిస్తాయి. ఆ లోటును ఆంగికం పూడ్చాలి.
- పుస్తరచనలో పరిమాణం కన్నా కదలికకు వీలు ముఖ్యం. ఆహార్యం అభినయాన్ని మోయాలి కాని, నటుడు ఆహార్యాన్ని మోసేవాడుగా మిగలరాదు.
- మెటిక విరుపు, తెల్లజుట్టు బాధకు గుర్తులు. వాటిని బలానికి గుర్తులుగా మాత్రమే చూపిన వేషం పోలికలో నెగ్గి కథలో ఓడిపోతుంది.
- భయానక పాత్రల వేషాలను అంచనా వేసేటప్పుడు పోలిక, పనితనాలతో పాటు, పాత్ర పట్ల ప్రేక్షకునిలో కలిగే కరుణను మూడవ కొలమానంగా స్వీకరించడం సమంజసం.