ఓర్వకల్లులో ఉప్పునీళ్లు

ఉప్పునీటి ట్యాంకులో ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. క్లౌన్ ఫిష్ పెంచాలని అడిగినవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. మట్టం రెండు వేళ్లు దిగిందని మళ్లీ ఉప్పు కలిపిన నీళ్లే పోస్తూ పోతే కొన్ని వారాల్లోనే చేపలు తట్టుకోలేనంత ఉప్పు పేరుకుంటుంది. పోయాల్సింది మంచినీళ్లు. మే నెలలో మా కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఎండ 42 డిగ్రీలు దాటినప్పుడు మా రెండు వందల లీటర్ల ట్యాంకు రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగేస్తుంది.

అయినా మన పొడిగాలి మీద నాకు కోపం లేదు. ఈ చేపలకు 25 నుంచి 27 డిగ్రీల నీరు హాయి. చెన్నై ఉక్కలో ఫ్యాను పెట్టినా నీళ్లు పెద్దగా చల్లబడవు. ఇక్కడ నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే కుండలో నీళ్లు చల్లబడినట్టే చల్లబడతాయి. మరీ మండే మధ్యాహ్నాలు మాత్రం గదికి ఏసీ ఉండాల్సిందే.

అసలు కష్టం నీళ్లతోనే. సముద్రం ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైనే. బోరు నీళ్లు ఈ పనికి పనికిరావు కాబట్టి ఆర్ఓ పెట్టాలి. ఒక లీటరు శుద్ధి కావాలంటే రెండు మూడు లీటర్లు పక్కకు పోతాయి. నీటి విలువ తెలిసిన ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. అలా పక్కకు పోయే నీళ్లతోనే మా ఇంట్లో గచ్చు కడుగుతాం, మరుగుదొడ్డికి వాడతాం. శుద్ధి అయిన నీటిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. వంట ఉప్పు కలిపితే కుదరదు, అందులో మెగ్నీషియం, కాల్షియం ఉండవు. ఆపైన చేపల వ్యర్థంలోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెలా నెలన్నర ఓపిక పట్టాలి.

క్లౌన్ ఫిష్ ఆసరా చేసుకునే సీ అనిమోన్‌కు ఆ ఓపిక కూడా చాలదు. చూడ్డానికి పువ్వులా ఉన్నా అది జంతువు. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడతాయి. వెలుతురు నచ్చకపోయినా, నీటి ప్రవాహం నచ్చకపోయినా పాదం కదుపుకుంటూ రాత్రికి రాత్రే చోటు మారుస్తుంది. పంపుకు స్పాంజి తొడగకపోతే అందులో చిక్కుకుని ముక్కలవుతుంది. అది చచ్చి కుళ్లితే ట్యాంకంతా విషమే.

కొత్త క్లౌన్ ఫిష్ మొదట అనిమోన్‌ను తోకతో తాకుతుంది. ఉలిక్కిపడి వెనక్కి వస్తుంది. మళ్లీ వెళ్లి పొట్ట రాస్తుంది. అలా గంటలపాటు తంటాలు పడి, చివరికి వేళ్లలాంటి దాని తీగల మధ్య పూర్తిగా దూరిపోతుంది. ఆ తరువాత రొయ్య ముక్క వేస్తే తీసుకెళ్లి అనిమోన్‌కే పెట్టడం కళ్లారా చూడొచ్చు. మా పక్కింటి అవ్వ చాలాసేపు చూసి, "కరిసేదాంట్లోనే కాపురమా అబ్బీ!" అంది. ఆ కాటు నుంచి చేపను కాపాడేది దాని ఒంటి మీది జిగురే. జంటలో పెద్దది ఆడది. అన్నీ మగవిగానే పుడతాయి, ఆడది పోతే దాని జోడు మగదే ఆడదిగా మారుతుంది.

అనిమోన్ ఆయుష్షు చిన్నదేం కాదు. స్కాట్లండ్‌లో 1828లో జాన్ డాలియెల్ అనే ఆయన తీరం నుంచి తెచ్చి జాడీలో పెంచిన ఒక అనిమోన్, ఆయన 1851లో పోయినా చేతులు మారుతూ 1887 దాకా బతికింది. అది చన్నీటి సముద్రపు జాతి, నిజమే. అయినా అంతకాలం బతకగల ప్రాణిని తెచ్చి మూడు నెలల్లో చంపుకోవడం అన్యాయం.

ట్యాంకులో క్లౌన్ ఫిష్ బతకడానికి అనిమోన్ అవసరమే లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ చేపలతో హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. కాబట్టి కొనేటప్పుడు హేచరీ చేపేనా అని గట్టిగా అడగండి. నీరు ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే అనిమోన్ సంగతి ఆలోచించండి. అదీ ఇంకొకరి ట్యాంకులో రెండుగా చీలిన పిల్ల దొరికితేనే తెచ్చుకోండి. పగడాల జోలికి అసలు వెళ్లొద్దు, వాటికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.