ఒకే గీత మీద మూడు ఊర్లు

తెలంగాణ పటం మీద స్కేలు పెట్టి చూడండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దాదాపు ఒకే గీత మీదికి వస్తాయి. వనపర్తి సరిగ్గా నడుమ. గాలిదారిన ఇటు సుమారు 31 కిలోమీటర్లు, అటూ అంతే. రెండు ఊర్ల పేర్లు కొడితే విమాన దూరం, ప్రయాణ సమయం చెప్పే కంప్యూటర్ లెక్కకు ఈ రెండు దారులూ ఒకటే.

బస్సెక్కితే ఒకటి కాదు. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు గోపాల్‌పేట మీదుగా 40 కిలోమీటర్లు. తోవ ఇంచుమించు గీత వెంటే పోతుంది. గద్వాల నుంచి వనపర్తికి మాత్రం 50 దాకా అవుతుంది. అడ్డం కృష్ణమ్మ. గద్వాల ఉన్నది నడిగడ్డలో, కృష్ణా తుంగభద్రల నడుమ. ముందు ఎర్రవల్లి చౌరస్తాకు పోవాలి, హైవే ఎక్కాలి, బీచుపల్లి వంతెన దాటాలి, పెబ్బేరులో మళ్లీ మళ్లాలి. జూరాల ఆనకట్ట మీది దారి పట్టినా ఆత్మకూరు మీదుగా చుట్టు తప్పదు.

ఎర్రవల్లిలో బస్సు కోసం నిలబడ్డవాళ్లను చూస్తే నాకు దూరమంటే ఏమిటో అర్థమవుతుంది. కాళ్ల సందున చీరల మూట, చంకన నిద్రపోయిన బిడ్డ, చూపంతా గద్వాల రోడ్డు మీదే. వనపర్తి ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లు చెప్పరు. బస్సు దొరికితే గంటంబావు, దొరక్కుంటే పొద్దు గూకుతదంటారు. నేను నమ్మేది ఈ కొలతనే.

రైలు సంగతి ఇంకో తీరు. గద్వాలకు స్టేషనుంది, 2013 నుంచి పక్క రాష్ట్రంలోని రాయచూరుకూ రైలు నడుస్తోంది. వనపర్తి రోడ్ అనే స్టేషన్ ఉన్నది ఊరికి ఎడంగా, మదనాపురం దగ్గర. నాగర్‌కర్నూల్‌కు పట్టాలే లేవు. ఈ మూడు ఊర్లనూ కలిపే గద్వాల–మాచర్ల లైను దశాబ్దాలుగా కాగితాల మీదే ఉంది. ఆ లైను పడితే పటం మీది గీతే నేల మీదా కనబడేది. 2016 అక్టోబర్ 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టర్ ఆఫీసు జనానికి దగ్గరైంది, ఊరికి ఊరు మాత్రం దగ్గర కాలేదు.

కృష్ణా నది దిగువన, నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిలలో గాలిదారికీ నేలదారికీ ఉన్న ఈ తేడా మరీ కరకుగా తెలుస్తుంది. గట్టున నిలబడితే అవతల సిద్ధేశ్వరం గుట్టలు కళ్లెదుటే. గాలిదారిన ఏటి వెడల్పే దూరం. రోడ్డున పోవాలంటే కర్నూలు చుట్టి రావాలి. అందుకే జనం పడవలెక్కారు. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతాన పడవ మునిగి 61 మంది పోయారు. సోమశిల దగ్గర తీగల వంతెనకు కేంద్రం 2022లో 1,082 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రమాదానికీ ఆ మంజూరుకూ నడుమ 15 ఏళ్లు. సోమశిల నుంచి సిద్ధేశ్వరానికి ప్రయాణ సమయం రాయాల్సి వస్తే నేను ముందు ఆ ఏళ్లే రాస్తాను.