వెనక కాలిపర్ విప్పే విద్య

పులివెందుల నేలకీ బండి బ్రేకుకీ పాత చుట్టరికం ఉంది. బ్రాహ్మణపల్లి, లింగాల ప్రాంతాల్లో, వేంపల్లె డోలమైటు పొరల్లోకి డోలరైటు చొచ్చుకొచ్చిన చోట రాతినార (ఆస్బెస్టాస్) పుట్టింది. వేడికి చెక్కుచెదరని ఇలాంటి నారనే ప్రపంచమంతా దశాబ్దాల తరబడి బ్రేకు లైనింగుల్లో వాడింది. అది ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుందని తేలాక లెక్క మారింది. 1986లో కేంద్రం కొత్త గని లీజులు ఆపేసింది. రాతినార కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనని 1995 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అందుకే ఇంటి దగ్గర డిస్కు బ్రేకు కాలిపర్ విప్పేవాళ్లకు మొదటి నియమం పాన పట్టకముందే ఉంది. బ్రేకు దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి పైపు పెట్టకూడదు. తడిగుడ్డతోనే తుడవాలి. ప్యాకెట్ మీద ఆస్బెస్టాస్ లేదని రాసున్న ప్యాడ్లయినా వాటి దుమ్ము పీల్చేది కాదు.

డ్రమ్ము బ్రేకుల కాలంలో ఈ పల్లెల్లో బండి ఉన్న ప్రతివాడూ సగం మెకానిక్కే. వెనక రాడ్డు చివరి నట్టును రెండు చుట్లు బిగించి తోటకు బయల్దేరేవాడు. 1999లో హీరో హోండా సీబీజెడ్ ముందు చక్రానికి డిస్కుతో వచ్చింది. 2007లో పల్సర్ 220 వెనక్కూ డిస్కు తెచ్చింది. బిగించే నట్టు కనపడకపోయేసరికి, ‘అది మనకు తెలిసే పని కాదులే’ అని బండిని షెడ్డుకు తోలడం అలవాటైంది. నిజానికి లోపలున్న కీలకం రెండు మూడు మాటల్లో చెప్పేదే.

కాలితో పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని ఆయిల్ ఒత్తిడి కాలిపర్ పిస్టన్‌ను తోస్తుంది. చాలా బండ్లకు వెనక పిస్టన్ ఒక్కటే, ఒక పక్కనే ఉంటుంది. అది తన పక్కనున్న ప్యాడును డిస్కుకు నొక్కితే, ఆ ప్రతిబలానికి కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి రెండో ప్యాడును లాక్కొస్తుంది. కాలు తీయగానే పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, చుట్టూ ఉన్న చదరపు అంచు రబ్బరు సీలు. ఒత్తిడికి మెలిపడిన ఆ సీలు తిరిగి నిటారయ్యేటప్పుడు పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతూ పోతుంది గనక ఇక్కడ బిగించే నట్టు అక్కర్లేదు.

ఇంత చిన్న కదలికకు ఎర్రమట్టి దుమ్ము, అరటితోట గట్ల బురద పెద్ద శత్రువులు. పిన్నులు ఎండితే కాలిపర్ జరగదు. ఒక ప్యాడు అరిగిపోయి రెండోది దిట్టంగా మిగులుతుంది. సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పినప్పుడు గట్టిగా పట్టేస్తున్నా, కాస్త దూరం పోయాక డిస్కు కాలిపోతున్నా అనుమానం ఇక్కడే.

పనికి ఒక వరస ఉంది. కాలిపర్ బండికి బిగించి ఉండగానే ప్యాడ్ల పిన్నును కాస్త వదులు చేసుకోవాలి. ఊడదీశాక కాలిపర్ చేతిలో తిరుగుతూ సతాయిస్తుంది. విప్పిన కాలిపర్‌ను ఆయిల్ పైపు మీద వేలాడదీయకుండా తీగతో కట్టాలి. పెడల్ నొక్కితే పిస్టన్ బయటికి దూకుతుంది గనక దాని జోలికి పోకూడదు. బయటికి కనిపించే పిస్టన్ గోడను బ్రేక్ క్లీనర్‌తోనో, సబ్బు నీళ్లతోనో శుభ్రం చేసిన తర్వాతే చేత్తో నిదానంగా లోపలికి నెట్టాలి. మురికితో నెడితే ఆ ఇసుకంతా సీలును కోస్తుంది. అంతకుముందే ఆయిల్ డబ్బా మూత తీసి మట్టం చూసుకోవాలి. లోపలికి పోయే పిస్టన్ ఆయిల్‌ను పైకి తోస్తుంది, పొర్లిన ఆయిల్ పెయింటును తినేస్తుంది. కాలిపర్ జరిగే పిన్నులకు పూసేది సిలికాన్ గ్రీజే. మామూలు గ్రీజు, పెట్రోలు, కిరోసిన్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. కడప–రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు దిగుతూ వెనక బ్రేకు మీదే కాలు ఆన్చేవాళ్లకు ఈ తేడా తెలిసొస్తుంది. ఆయిల్ మరిగి బుడగలు పుడితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటారు.

అన్నీ బిగించాక, బండి కదలకముందే పెడల్ గట్టిపడేదాకా పదేపదే నొక్కాలి. కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేదాకా ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఆపుతూ నడపాలి. పిస్టన్ మీద గీతలు కనిపించినా, సీలు దగ్గర తడి ఉన్నా ఇంటిపని అక్కడితో ఆపేయాలి. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. దాని మాడ్యూల్‌లో గాలి చిక్కితే కొన్ని బండ్లకు కంపెనీ స్కానర్ కావాలి, ఆ పని షెడ్డులోనే జరగాలి.